ఇంకొన్నాళ్ళు వెనక్కే చూడనివ్వండి

మీ పాపకు ఏడాది నిండింది. పుట్టినరోజు ఫొటోలు ఊళ్ళో చుట్టాలందరికీ చేరాయి. కారులో మాత్రం పాప సీటు ఇంకా వెనక్కి తిరిగే ఉంది. ఇక ముందుకి తిప్పేయొచ్చా?

ఈ ప్రశ్న మీకు రాకపోయినా చుట్టూ ఉన్నవాళ్ళు తెస్తారు. మీరు డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉన్నారనుకుందాం. మనవరాలితో కొన్నాళ్ళు గడపడానికి గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు మొదటి వారంలోనే అంటారు: "అదేంటమ్మా, పిల్లని అలా సీటుకేసి మొహం పెట్టి కూర్చోబెట్టావు? దానికి మనమెవరం కనపడం. కాళ్ళు చూడు, ఎలా ముడుచుకుపోయాయో!" స్నేహితులు "మావాణ్ణి బర్త్‌డే అయిన మర్నాడే తిప్పేశాం, హాయిగా ఉన్నాడు" అంటారు. వెనక సీట్లోంచి పాప ఏడుపు వాళ్ళందరికీ వంత పాడుతుంది. ఎంతసేపని నిలబడతారు?

నిలబడండి. పుట్టినరోజు చూసి సీటు తిప్పకండి. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు ఎంత బరువు, ఎంత ఎత్తు పిల్లల దాకా పనికొస్తుందో ఆ సీటు మీదే రాసి ఉంటుంది. ఆ హద్దు దాటేదాకా పిల్ల వెనక్కే చూడాలి. ఆ హద్దు ఎక్కడుందో కనుక్కోవడం, అందాకా పిల్లని, పెద్దవాళ్ళని సముదాయించుకోవడం, తిప్పే రోజున పొరపాటు పడకుండా తిప్పడం, ఈ మూడూ వస్తే చాలు.

ఎందుకింత పట్టుదల?

మెడ కోసం. ఏడాది పిల్లకి ఒంటితో పోలిస్తే తల చాలా పెద్దది, బరువైనది. మెడలోని వెన్నుపూసలు ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. ఒక్కో పూస రెండు మూడు ముక్కలుగా ఉండి, వాటి మధ్య మెత్తని మృదులాస్థి ఉంటుంది. ఆ ముక్కలు అతుక్కుని గట్టిపడటం దాదాపు మూడు నుంచి ఆరేళ్ళ మధ్య జరుగుతుంది. పాప మెడ నిలబెట్టి కూర్చుంటోంది, పరిగెడుతోంది కదా అని మనకనిపిస్తుంది. పరిగెత్తడానికి ఆ మెడ చాలు. కారు గుద్దుకున్నప్పుడు పడే లాగుడుకి చాలదు.

ఆ లాగుడు ఎంతో లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో 10 కిలోల పిల్లని ముందుకు తోసే బలం 140 కిలోల బరువుకి సమానం. పిల్ల ముందుకి తిరిగి ఉంటే బెల్టులు భుజాలను పట్టుకుంటాయి, తలని పట్టుకునేది ఏదీ ఉండదు. తల ముందుకి విసురుగా పోతుంది, భారమంతా మెడ మోయాలి. వెనక్కి తిరిగి ఉంటే, పడబోతున్న పసిబిడ్డని తల, మెడ, వీపు కలిపి రెండు చేతుల్లో ఒడిసి పట్టుకున్నట్టు సీటు పట్టుకుంటుంది. ఒడిలో కూర్చోబెట్టుకుంటే? 140 కిలోలని చేతులతో ఆపగల తల్లి ఎవరూ లేరు.

స్వీడన్‌వాళ్ళు ఈ సంగతి 1960లలోనే పట్టుకున్నారు. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు జెమినై వ్యోమనౌకలో వ్యోమగాముల సీట్లు భారాన్ని వీపంతటా పరిచే తీరు చూసి, పిల్లలకీ అలాంటి సీటు కావాలనుకున్నాడు. ఇప్పటికీ అక్కడ నాలుగేళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలు కారులో వెనక్కే చూస్తూ వెళ్తారు. వాళ్ళ పిల్లలకీ కాళ్ళుంటాయి, వాళ్ళూ ఏడుస్తారు. అయినా తిప్పరు.

ఇక్కడొక మాట. "రెండేళ్ళలోపు వెనక్కి కూర్చుంటే అయిదు రెట్లు క్షేమం" అన్న లెక్క మీరెక్కడో చదివే ఉంటారు. అది 2007లో వచ్చిన ఒక అధ్యయనంలోది. తర్వాత దాని లెక్కల్లో తప్పు బయటపడి ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఎవరితో వాదించినా ఆ అంకె వాడకండి. మెడ నిర్మాణం, బలం పంచుకునే తీరు, స్వీడన్ అనుభవం, ఇవి చాలు మీ మాట నిలబడటానికి.

హద్దు ఎక్కడుంది? ఇవాళే చూసేయండి

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లో రెండేళ్ళ దాకా వెనక్కి ఉంచమంది. 2018లో ఆ వయసు మాట తీసేసి, సీటు తయారీదారు పెట్టిన బరువు, ఎత్తుల హద్దు వచ్చేదాకా, వీలైనంత కాలం అలాగే ఉంచమంది. చాలామంది అమ్మానాన్నల చెవిలో ఆ పాత "రెండేళ్ళు" అలాగే మిగిలిపోయింది. దాన్ని వదిలేసి ఈ పనులు చేయండి.

1. ఫోన్ టార్చి వేసుకుని కారు దగ్గరికి వెళ్ళండి. సీటు పక్కనో, అడుగునో తెల్లటి స్టిక్కర్ ఉంటుంది. అందులో రేర్ ఫేసింగ్ అన్న చోట రెండు అంకెలు వెతకండి: గరిష్ఠ బరువు, గరిష్ఠ ఎత్తు. ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. చాలా కన్వర్టబుల్ (రెండు వైపులా పెట్టుకోగల) సీట్లలో బరువు 40 పౌండ్లు ఉంటుంది, కొన్నిటిలో 50.

2. పక్కనే ఫార్వర్డ్ ఫేసింగ్ అని ఇంకో గడి కనిపిస్తుంది. అందులో "22 పౌండ్ల నుంచి" అనో "ఏడాది నుంచి" అనో ఉండొచ్చు. ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. అది తిప్పడానికి ఉండాల్సిన కనీసం. "22 పౌండ్లు వచ్చాయి, ఇక తిప్పాలి" అని దాని అర్థం కాదు, అంతకు ముందు తిప్పనే కూడదని. మీరు చూడాల్సింది మొదటి గడిలోని గరిష్ఠం.

3. పాపని సీట్లో కూర్చోబెట్టి తల చూడండి. చాలా సీట్లకు నియమం ఏమిటంటే, తల పైభాగానికీ సీటు పై అంచుకీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. కొన్ని కంపెనీలు దీన్ని వేరేగా కొలుస్తాయి, మాన్యువల్ చూసుకోండి. బరువు, ఎత్తు, ఈ అంగుళం, మూడింటిలో ఏది ముందు నిండితే అదే హద్దు.

4. కాళ్ళు కొలవకండి. కాళ్ళ పొడవుతో ఈ హద్దుకు ఏ సంబంధమూ లేదు.

మామూలుగా ఎదిగే పిల్లలు రెండేళ్ళకు 12 కిలోలు, అంటే 26, 27 పౌండ్లు ఉంటారు. నాలుగేళ్ళకు 16 కిలోలు, సుమారు 35 పౌండ్లు. కాబట్టి 40 పౌండ్ల సీటులో బరువు హద్దు నాలుగేళ్ళకు కూడా నిండని పిల్లలు చాలామంది. వాళ్ళకు ముందుగా నిండేది తల దగ్గరి అంగుళమే. నెలకోసారి దాన్ని చూసుకుంటే సరిపోతుంది.

మరి చట్టం ఏమంటోంది? కాలిఫోర్నియాలో 2017 నుంచి రెండేళ్ళలోపు పిల్లలు వెనక్కే తిరిగి ఉండాలి. 40 పౌండ్లో, 40 అంగుళాలో ఉంటే తప్ప మినహాయింపు లేదు. న్యూజెర్సీలోనూ రెండేళ్ళు, 30 పౌండ్లలోపు పిల్లలకు ఇదే నియమం. టెక్సస్ చట్టం ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు సీటు ఉండాలంటుంది గానీ ఎటు తిరిగి ఉండాలో వయసు చెప్పదు. "మా టెక్సస్‌లో అలాంటి రూల్ ఏమీ లేదండీ" అనేవాళ్ళు అందుకే కనిపిస్తారు. చట్టం పోలీసు జరిమానా వేయకుండా ఉండటానికి ఉన్న అతి తక్కువ హద్దు. ఆస్టిన్‌లో పెరిగే పిల్ల మెడ, శాన్‌హోసేలో పెరిగే పిల్ల మెడ కన్నా ముందుగా గట్టిపడదు కదా?

బకెట్ సీటు నిండితే తిప్పే సమయం వచ్చినట్టేనా?

కాదు. ఈ పొరపాటు బాగా చదువుకున్న ఇళ్ళలోనూ కనిపిస్తుంది. ఆసుపత్రి నుంచి పాపని ఇంటికి తెచ్చిన, చేత్తో పట్టుకుని మోసుకెళ్ళే ఇన్‌ఫెంట్ సీటు, అదే బకెట్ సీటు, ఉంటుందే, అది 30 నుంచి 35 పౌండ్ల దాకా, 30 నుంచి 32 అంగుళాల ఎత్తు దాకా వస్తుంది. బరువు కన్నా ఎత్తే ముందు నిండుతుంది. పొడుగ్గా పెరిగే బాబుకి పదకొండో నెలలోనే తల అంచుకి చేరుతుంది. వాళ్ళ నాన్న కొట్టుకెళ్ళి కన్వర్టబుల్ సీటు కొంటాడు. పెట్టె మీద బొమ్మలో పిల్లాడు ముందుకి తిరిగి నవ్వుతూ ఉంటాడు. కొత్త సీటు, కొత్త దిక్కు అనుకుని అలాగే బిగించేస్తాడు.

కన్వర్టబుల్ అంటేనే రెండు వైపులా పెట్టుకోగల సీటు. దాన్ని కూడా ముందు వెనక్కి తిప్పే బిగించాలి. ఇన్‌ఫెంట్ సీటు నిండిందంటే ఆ సీటుతో పని అయిపోయిందని మాత్రమే. పాప వెనక్కి కూర్చునే కాలం ఇంకా సగం కూడా కాలేదు.

డబ్బు గురించీ చెప్పుకోవాలి. ఇన్‌ఫెంట్ సీటు కొనకుండా పుట్టినప్పటి నుంచీ కన్వర్టబుల్ సీటే వాడే కుటుంబాలున్నాయి, అది తప్పేమీ కాదు. సీటు కనీస బరువు పాపకు సరిపోతే చాలు. కొనేటప్పుడు గుడ్డ రంగు కన్నా, కప్పు పెట్టుకునే చోటు కన్నా, రేర్ ఫేసింగ్ గరిష్ఠ అంకె చూడండి. 50 పౌండ్ల దాకా వచ్చే సీట్లన్నీ ఖరీదైనవే ఉంటాయనుకోవద్దు.

ఇంట్లోవాళ్ళ మాటలకు, పిల్ల ఏడుపుకు ఏం చేయాలి?

అసలు కష్టం ఇక్కడే. అంకెలు అర్థమైనంత సులభంగా అమ్మమ్మలు, నాయనమ్మలు ఒప్పుకోరు. వాళ్ళది ప్రేమ. పిల్ల ఇబ్బంది పడుతోందన్న బెంగ. ఆ బెంగకు జవాబు చెబితే వింటారు, "ఇక్కడి రూల్సు మీకు తెలియవు" అంటే నొచ్చుకుంటారు.

కాళ్ళ సంగతి ముందు చూద్దాం. పాప ఇంట్లో బొమ్మలు పెట్టుకుని ఎలా కూర్చుంటుందో అత్తగారికి చూపించండి. బాసిపట్టు వేసుకుని, ఒక కాలు మడిచి, ఒక్కోసారి కాళ్ళు తలదాకా ఎత్తి. కారు సీట్లోనూ పిల్లలు అలాగే సర్దుకుంటారు. నిజానికి ముందుకి తిరిగితేనే కాళ్ళు ఆనడానికి చోటు లేక వేలాడతాయి, గుద్దుకున్నప్పుడు ఎదుటి సీటుకి తగిలి దెబ్బ తినేవీ అవే. "కాలికి దెబ్బ తగిలితే కట్టు కట్టించుకోవచ్చు అత్తయ్యా, మెడకి తగిలితే ఏం చేస్తాం? ఎముక ఇంకా అతుక్కోలేదంట, డాక్టరుగారే ఆగమన్నారు" అని నెమ్మదిగా చెప్పి చూడండి. తర్వాతి చెకప్‌కి ఆవిడని కూడా వెంట తీసుకెళ్ళి, ఆ ప్రశ్న ఆవిడ చేతే పీడియాట్రీషియన్‌ని అడిగించండి. చాలా ఇళ్ళలో ఆ తర్వాత ఎవరైనా సీటు తిప్పుతామంటే ముందు అడ్డుపడేది ఆవిడే.

"దానికి మనం కనపడం" అన్నది రెండో బెంగ. ముందుకి తిరిగినా కనపడేది ముందు సీటు వీపే. వెనక్కి ఉంటే పక్క కిటికీ, వెనక అద్దం, వెనక వచ్చే కార్లు కనిపిస్తాయి. నాయనమ్మని వెనక సీట్లో పాప పక్కన కూర్చోబెట్టండి. ఇద్దరికీ మొహాలు ఎదురెదురుగా ఉంటాయి. పాటలు, కబుర్లు, చేతివేళ్ళ ఆటలు అన్నీ కుదురుతాయి. అద్దం తగిలించి పాపని చూసుకునేవాళ్ళు, అది గట్టిగా కట్టి ఉందా, సీటు కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది చూసుకోవాలి. ఊడి ఎగిరే వస్తువేదైనా పిల్లకు తగులుతుంది. చేతికిచ్చే బొమ్మ మెత్తగా ఉండాలి.

ఏడుపు? పాప ఏడుస్తోందంటే దిక్కు నచ్చక అని వెంటనే తేల్చేయకండి. ఇవి ఒకటొకటిగా చూడండి.

1. మాన్యువల్ ఒప్పుకుంటే సీటు వాలు తగ్గించండి. పురిటి పిల్లకి కావాల్సినంత వాలు ఏడాది దాటిన పిల్లకి అక్కర్లేదు. కాస్త నిటారుగా కూర్చోగానే ఏడుపు ఆగిన పిల్లలు ఎందరో. పైగా ముందు సీటులో కూర్చునేవాళ్ళ మోకాళ్ళకి చోటు కూడా దొరుకుతుంది.

2. ఎండ. టెక్సస్ జూలైలో ఆరుబయట నిలిపిన కారులో బకిల్ లోహం చర్మం కాల్చేంత వేడెక్కుతుంది. కూర్చోబెట్టే ముందు మీ చేత్తో తాకి చూడండి. కిటికీకి నీడ తెర వేయండి.

3. బెల్టు ఎక్కడైనా మెలి తిరిగిందా? తొడ మీద గుచ్చుకుంటోందా?

4. కడుపునిండా పాలు పట్టి వెంటనే బయలుదేరారా? వాంతులయ్యే పిల్లలకు ముందుగా కొద్దిగా పెట్టి, కిటికీ లోంచి గాలి రానివ్వండి. అయినా తగ్గకపోతే డాక్టరుని అడగండి. ముందుకి తిప్పితే వాంతులు ఆగుతాయన్న భరోసా లేదు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి. ఐ-35 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు, పాప గుక్కపట్టి ఏడుస్తోంది, పక్కన కూర్చున్న అమ్మకి ప్రాణం ఉసూరుమంటోంది. "రెండు నిమిషాలే" అని బకిల్ విప్పి ఒళ్ళోకి తీసుకోబోతుంది. వద్దు. తర్వాతి ఎగ్జిట్ తీసుకోండి, కారు ఆపండి, అప్పుడు ఎత్తుకోండి, పాలు పట్టండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుంది?

"వెనకనుంచి ఎవరైనా గుద్దితే?" అని బావగారో, మరిదో అడుగుతారు. మంచి ప్రశ్నే. వెనకనుంచి గుద్దే ప్రమాదాలు ఎక్కువగా నెమ్మది వేగాల్లో, సిగ్నల్ దగ్గర జరిగేవి. ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఎదురుగా, పక్కనుంచి తగిలేవి. వాటికి తగ్గ కూర్చోబెట్టడం ఇదే.

ఇంకో సంగతి. ఆలుమగలిద్దరూ రెండు కార్లు నడుపుతుంటే ఒకే మాట మీద ఉండండి. అమ్మ కారులో వెనక్కి, నాన్న కారులో ముందుకి ఉంటే పాప రెండో రోజు నుంచే అమ్మ కారు ఎక్కనంటుంది.

సరే, ఇక తిప్పొచ్చు అని ఎలా తేల్చుకోవాలి?

రెండేళ్ళు నిండకుండానే సీటు నిండిపోతే ముందుకి తిప్పకండి. ఎక్కువ హద్దు ఉన్న ఇంకో సీటు కొనండి. ఇందులో బేరం లేదు. రెండుకీ నాలుగుకీ మధ్య నిండితే, కొనగల స్తోమత ఉంటే పెద్ద సీటు కొని ఇంకొంతకాలం వెనక్కే ఉంచమని నా సలహా. మూడేళ్ళు దాటిన పిల్లకి సీటు నిండింది, ఇంకోటి కొనడం భారమనిపిస్తే, మనసులో ఏ దిగులూ పెట్టుకోకుండా తిప్పండి. సరిగ్గా బిగించిన ఫార్వర్డ్ ఫేసింగ్ సీటు మంచి రక్షణే ఇస్తుంది.

అయితే "సరిగ్గా బిగించిన" అన్నచోట ఆగండి. తిప్పడమంటే సీటుని ఎత్తి గుండ్రంగా తిప్పి మళ్ళీ అదే బెల్టు పెట్టేయడం కాదు. దాదాపు అన్నీ మారతాయి.

1. బెల్టు దారి మారుతుంది. కన్వర్టబుల్ సీటులో కారు బెల్టు దూర్చడానికి రెండు దారులుంటాయి, వెనక్కి ఒకటి, ముందుకి ఒకటి. పాత దారిలోనే బిగిస్తే సీటు ఉండీ లేనట్టే. స్టిక్కర్ చూసి మార్చండి.

2. భుజాల పట్టీలు మారతాయి. వెనక్కి ఉన్నప్పుడు అవి భుజాల ఎత్తులోనో, కాస్త కిందనో ఉండాలి. ముందుకి తిరిగాక భుజాల ఎత్తులోనో, కాస్త పైనో ఉండాలి. మార్చకుండా తిప్పేసే ఇళ్ళు ఎన్నో.

3. వాలు తీసేసి, మాన్యువల్ చెప్పినంత నిటారుగా పెట్టండి.

4. టాప్ టెథర్ తగిలించండి. సీటు వెనక పైభాగం నుంచి వేలాడే పట్టీ ఇది. చాలామంది దాన్ని వాడకుండా మడిచి వెనక దోపేస్తారు. దయచేసి అలా చేయకండి. ప్రమాదంలో పిల్ల తల ముందుకి పోయే దూరాన్ని కొన్ని అంగుళాలు తగ్గించేది ఆ పట్టీయే. ఎదుటి సీటుకి తల తగలకుండా ఆ అంగుళాలే కాపాడతాయి. సెడాన్‌లో దీని కొక్కెం వెనక సీటు హెడ్‌రెస్టుల వెనక, అద్దం కింది గట్టు మీద మూత వేసి ఉంటుంది. ఎస్‌యూవీల్లో సీటు వీపునో, నేల మీదో, పైకప్పుకో ఉంటుంది. సామాను కట్టే కొక్కెం దాని పక్కనే ఉండి మోసం చేస్తుంది, కారు మాన్యువల్‌లో బొమ్మ చూసి నిర్ధారించుకోండి.

5. లోయర్ యాంకర్లతో, అంటే కారు వెనక సీటు సందులో ఉండే కొక్కేలతో, బిగిస్తే వాటికీ బరువు హద్దు ఉంది. అమెరికాలో పిల్ల బరువు, సీటు బరువు కలిపి 65 పౌండ్లు. దాటితే కారు బెల్టుతో బిగించి, టెథర్ అలాగే ఉంచాలి. రెండూ కలిపి బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవద్దు. కంపెనీ ఒప్పుకుంటే తప్ప ఒక్కటే వాడాలి.

6. కారు బెల్టుతో బిగిస్తే దాన్ని లాక్ చేయండి. అమెరికా కార్లలో భుజం పట్టీని చివరిదాకా లాగి నెమ్మదిగా వదిలితే టకటకమని లాక్ అవుతుంది.

బిగించాక రెండు చిన్న పరీక్షలు. బెల్టు దూరిన చోట సీటుని పట్టుకుని అటూ ఇటూ ఊపండి, ఒక అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. పాపని కూర్చోబెట్టి, భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లి చూడండి, మడత వేళ్ళకి దొరక్కూడదు. చెస్ట్ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు. ఎడిసన్ చలికాలంలో దూది జాకెట్ తొడిగి బెల్టు పెట్టడం మామూలైపోయింది. ప్రమాదంలో ఆ దూది అణిగిపోయి బెల్టు వదులవుతుంది. పల్చటి స్వెటర్‌తో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, జాకెట్టో దుప్పటో పైన కప్పండి.

ఇంత చేసినా అనుమానం ఉంటే సర్టిఫికెట్ ఉన్న కార్ సీట్ టెక్నీషియన్ల దగ్గరికి వెళ్ళండి. సేఫ్ కిడ్స్ వరల్డ్‌వైడ్ సంస్థ, నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్లలో మీ ఊరి కేంద్రాలు దొరుకుతాయి. చాలాచోట్ల ఉచితంగానే చూపిస్తారు. తీసుకెళ్ళి వాళ్ళ చేత బిగించేయించుకుని రావద్దు. మీరు బిగించి, తప్పులు వాళ్ళని చెప్పమనండి. రేపు సీటు తీసి పెట్టాల్సింది మీరే.

ఇండియా వెళ్తున్నప్పుడు

శంషాబాద్‌లో దిగి, బంధువుల కారులో ఖమ్మమో, గుంటూరో వెళ్ళాలి. అక్కడి హైవేల మీద పాపని ఒళ్ళో పెట్టుకుని, అందులోనూ ముందు సీట్లో కూర్చోవడం మనకు అలవాటైన దృశ్యం. 2022 నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటిలో ముందు ప్రయాణికుడి వైపూ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది పేలితే ఒళ్ళో ఉన్న పిల్ల తలకే తగులుతుంది. వెనక్కి తిరిగే సీటుని పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ పెట్టకూడదు, అక్కడైనా ఇక్కడైనా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని బెల్టుతోనో, పిల్లల సీటుతోనో కట్టకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. చట్టం ఉంది, అడిగేవాళ్ళే తక్కువ. కాబట్టి అడగాల్సింది మీరే.

బయలుదేరే ముందే కారు పంపేవాళ్ళకి ఫోన్ చేసి, "వెనక సీటు బెల్టులు పనిచేస్తాయా? బకిళ్ళు సీటు కవర్ కిందకి పోయాయా?" అని అడగండి. అద్దె కార్లలో కొత్త కవర్లు తొడిగి బకిళ్ళు లోపలే వదిలేయడం ఎక్కువ. కారుకి ఐసోఫిక్స్ (లోయర్ యాంకర్ల లాంటి కొక్కేలు) ఉందా అనీ కనుక్కోండి. అమెరికా సీటుని ఇండియా కారులో బెల్టుతో బిగించేటప్పుడు ఒక చిక్కు ఉంది. అక్కడి చాలా కార్లలో బెల్టు చివరిదాకా లాగినా లాక్ కాదు. సీటులోనే బెల్టుని పట్టి ఉంచే ఏర్పాటు ఉందో లేదో ఇంటి దగ్గరే మాన్యువల్‌లో చూసుకోండి.

అక్కడే ఉండేవాళ్ళకు ఇంకో మాట. ఇండియాలో దొరికే చాలా సీట్ల మీద 9 కిలోల నుంచి ముందుకి తిప్పొచ్చని ఉంటుంది. మన పిల్లలు ఏడాదికల్లా 9 కిలోలు వస్తారు, అందుకే పుట్టినరోజు, తిప్పడం రెండూ కలిసిపోతాయి. ఐరోపా కొత్త ప్రమాణం, ఐ-సైజ్, 15 నెలలకు ముందు తిప్పడాన్ని ఒప్పుకోదు. మీ సీటు వెనక్కి 13 కిలోల దాకా వస్తే 13 దాకా వాడండి, 18 దాకా వస్తే 18 దాకా వాడండి.

పాత సీటు చేతులు మారేటప్పుడు

తిప్పేశాక, పిల్ల పెద్దయ్యాక, మన వాట్సాప్ గ్రూపుల్లో సీట్లు చేతులు మారుతుంటాయి. ఉచితంగా వచ్చిందని తీసేసుకోకండి. ప్లాస్టిక్‌కీ, పట్టీలకీ కాలం చెల్లుతుంది. తయారైన తేదీ, గడువు సీటు మీదే అచ్చు వేసి ఉంటాయి, సాధారణంగా ఆరు నుంచి పదేళ్ళు. గట్టి ప్రమాదం చూసిన సీటు పైకి బాగానే కనిపించినా మళ్ళీ వాడకూడదు. ఇచ్చేవాళ్ళు మీకు బాగా తెలిసినవాళ్ళయి, ప్రమాదం జరగలేదని నిజాయితీగా చెప్పగలిగి, మాన్యువల్, అన్ని భాగాలు ఉంటేనే తీసుకోండి. మీ సీటు ఇచ్చేటప్పుడు కూడా ఈ వివరాలన్నీ కాగితం మీద రాసి దానికే అంటించి ఇవ్వండి. గడువు తీరిపోతే పట్టీలు కత్తిరించి పారేయండి, ఇంకెవరూ ఏరుకుని వాడకుండా.